ఎర్రలైటు వెనకాల

పొగమంచు పడితే మా పిన్ని కారు అద్దాలు దించేసేది. "కానరానప్పుడు ఇనాలిరా" అనేది. ఆ చలిలో పక్కన కూర్చున్నవాడి అభిప్రాయం అడిగే ఆనవాయితీ ఆమెకు లేదు.

ఒక ఉదయం భిలాయి శివార్లలో చరోదా నుంచి హథ్‌ఖోజ్‌కు, ఆమె పనిచేసే వర్క్‌షాపుకు వెళ్తున్నాం. తెల్లటి మంచులో ముందు ఒక్క ఎర్రలైటు కనిపించింది. భిలాయిలో అందరూ చేసే పనే నేనూ చెప్పాను: "ఆ ట్రైలర్ లారీ లైటు పట్టుకుని పోదాం పిన్నీ."

పిన్ని వేగం ఇంకా తగ్గించింది. "కడ్డీల బండైతే? లైటు కాడికి బండి అయిపోద్ది. కడ్డీలు కూడా అయిపోతాయేటి?"

వెనక కారతను మమ్మల్ని దాటుతూ, "ఏటి దీదీ, నిద్దరోయేవా?" అని అరిచి, ఆ లైటు వెనకే చేరిపోయాడు. పిన్ని హారన్ నొక్కి పట్టుకుంది. అతను దాన్ని కోపం అనుకుని ఉంటాడు. ముందు బ్రేకుల కీచు, తర్వాత అంత పెద్దదేం కాని చప్పుడు వినిపించాయి.

దిగి వెళ్లి చూశాం. ఇనపకడ్డీలు అతని కారు అద్దం పగలగొట్టుకుని లోపలికొచ్చాయి. వాటి చివర కట్టిన ఎర్రగుడ్డ ఖాళీ పక్కసీటు మీద వాలి ఉంది. అతనికి గీత కూడా పడలేదు, కానీ స్టీరింగు వదలడం లేదు. పిన్ని అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తూ, "దిగు భయ్యా, అయిపోనాది" అంది.

మా కారులో నేను కూర్చున్నదీ ఆ వైపే. పిన్ని ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.