తీపి ముంత

మొన్న మా లాడ్జిలో దిగిన ఒక జంట పొద్దున్నే రిసెప్షన్ దగ్గరికొచ్చి ఫోన్ నా ముందు పెట్టారు. ఏ దేశం వెళ్తే ఏం తాగాలో చూపించే వీడియో అట. జపాన్‌లో బియ్యంతో చేసేది, మెక్సికోలో కలబందలాంటి మొక్క నుంచి తీసేది, రష్యాలో వోడ్కా... చివర్లో మన తాటికల్లు, ముంతతో సహా. "ఇది ఇక్కడ ఎక్కడ దొరుకుతుందండీ?" అని ఆ అమ్మాయి అడిగింది. కంకిపాడు దాటాక ఎవర్ని అడిగినా చెప్తారండీ అంటే సరిపోయేది. రోజంతా వాగే దాన్ని, తల దించుకుని రిజిస్టరు తిరగేశాను. పక్కనున్న మేనేజరు గారే ఏదో చెప్పి పంపేశారు.

మా బాబాయి కల్లు గీసేవాడు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆయనా, పిన్నీ. ఆయన కంటే ముందు పులిసిన వాసన ఇంట్లోకి వచ్చేది. పెళ్ళిచూపులకి కూడా చెట్టు దిగి అలాగే వెళ్ళాడట. "ఏం పని చేస్తావు బాబూ?" అని పిన్ని వాళ్ళ నాన్న అడిగితే, "ముక్కుకి తెలీట్లేదా మావయ్యా?" అన్నాడట. తలుపు చాటున తను నవ్వబట్టే ఈ పెళ్ళి జరిగిందని పిన్ని ఇప్పటికీ తనని తనే తిట్టుకుంటుంది. అన్నేళ్ళ కాపురంలో కల్లు చుక్క నోట్లో వేసుకోలేదు. ఆ ముంతలు గడప దాటి లోపలికి రానిచ్చేది కూడా కాదు.

సాయంత్రం కట్టిన ముంత తెల్లారేసరికి నిండి, పులిసిపోతుంది. ముంత లోపల సున్నం పూస్తే మాత్రం పులవదు, తియ్యగా ఉంటుంది. నాకోసం బాబాయి అలా ఒక ముంత విడిగా కట్టేవాడు. లాడ్జిలో పని దొరికి బెజవాడ వచ్చేశాక కూడా, వస్తున్నానని ఒక్క ఫోన్ చేస్తే చాలు. "మీ ఏసీ లాడ్జిలో దొరుకుద్దా ఇది? ఎండెక్కకుండా తాగాలమ్మాయ్, లే" అని నిద్ర లేపేవాడు.

పోయినేడాది వేసవిలో అలాగే ఫోన్ చేశాను. ఆ సాయంత్రం ముంతలన్నీ కట్టేసి కిందికి దిగాక నా సంగతి గుర్తొచ్చిందట. సున్నం పూసిన ముంత తీసుకుని పొలం గట్టు మీది తాడిచెట్టు మళ్ళీ ఎక్కాడు. ముంత కట్టాడు. దిగేటప్పుడు నడుముకున్న మోకు తెగింది. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. నేను బస్సు దిగి వెళ్ళేసరికి మా ఇంటి ముందు జనం.

పిన్ని ఏడవలేదు. నావైపు చూడలేదు. "పిల్ల కోసమేనంట మళ్ళీ ఎక్కింది" అని వచ్చినవాళ్ళు చెప్పుకుంటుంటే వాళ్ళని ఆపనూ లేదు. ఇక పిన్ని కూడా నాకు లేదనుకున్నాను.

తెల్లారాక, పక్క చెట్లు గీసే పెద్దాయన ఆ ముంత దింపుకొచ్చి అరుగు మీద పెట్టాడు. "ఇది నీదమ్మా. పారబొయ్యమంటే పారబోస్తా" అన్నాడు. తీసుకెళ్ళిపొమ్మని చెయ్యి ఊపాను. అప్పుడు లేచింది పిన్ని. శవం లేవకుండా ఏమీ ముట్టకూడదే అని ఎవరో అరుస్తున్నా వినకుండా, కొంగు అడ్డం పెట్టి గ్లాసులోకి వడకట్టి నా నోటి దగ్గర పెట్టింది.

"తాగు."

"నా వల్ల కాదు పిన్నీ."

"నీకోసం కట్టిందే ఇది. ఊళ్ళోవాళ్ళ వాగుడికి నేలపాలు చేస్తావా? నేనుండగా నిన్నెవరే అనేది?"

సగం తాగాను. మిగతా సగం తను గటగటా తాగేసింది. ఖాళీ గ్లాసులోకి తొంగి చూసింది. "ఇంత తియ్యగా ఉంటదని నాకెప్పుడూ చెప్పలేదేంటే ఈయన!" అంటూ నన్ను పట్టుకుని అప్పుడు ఏడ్చింది, వీధంతా వినబడేలా.

ఇప్పుడు పిన్ని నా దగ్గరే ఉంటోంది. కాలం గడిస్తే దుఃఖం తగ్గుతుందని అందరూ చెప్పారు. మాకేమీ తగ్గలేదండీ. ఒక్కదాన్నే మోయాల్సింది ఇద్దరం మోస్తున్నాం. రోజులు గడవడానికి అది సరిపోతోంది.