బోల్టుకు రెండు చుట్లు

మా యూనివర్సిటీలో నా అంత కాలం ఉన్న విద్యార్థి లేడు. ఎనిమిదో తరగతి ఫెయిలై బడి మానేసినవాణ్ణి, క్యాంపస్‌కు మాత్రం పంతొమ్మిదేళ్లు రోజూ వెళ్లాను. హాజరు నూటికి నూరు, పట్టా సున్నా.

హాస్టల్ వెనక రేకుల షెడ్డులో జనరేటర్ నడపడం నా పని. కాంట్రాక్టు కొలువు. కరెంటు పోతే మూడంతస్తులవాళ్లూ ఒక్కసారిగా హో అని అరిచేవారు. నేను జనరేటర్ ఆన్ చేయగానే మళ్లీ హో అనేవారు. మొదటిది కరెంటుకు తిట్టు, రెండోది నాకు చప్పట్లు అని ఇంట్లో చెప్పుకునేవాణ్ణి. మా ఆవిడ నమ్మేది కాదు.

పోయిన ఎండాకాలం హాస్టల్ పైకప్పు నిండా సోలార్ పలకలు పరిచారు. కింద గదిలో బీరువాలంత బ్యాటరీలు పెట్టారు. యూనివర్సిటీ వాటిని కొనలేదట. సామాను కంపెనీదే, మరమ్మతూ కంపెనీదే, మనం తీసుకునేది కరెంటు ఆగకుండా చూసే సేవ మాత్రమేనట. పెళ్లికి వంటవాళ్లను మాట్లాడుకున్నట్టే కదా అనుకున్నాను. గిన్నెలు వాళ్లవి, తినడం మనది. బయట కరెంటు పోయినా హాస్టలూ, పక్కనున్న లైబ్రరీ తమ కరెంటు తామే చూసుకుంటాయనీ, దాన్ని మైక్రోగ్రిడ్ అంటారనీ కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ చెప్పింది. కోస్తా పిల్ల, మా పెద్ద బిడ్డ కంటే చిన్నది. నన్ను అన్నా అనేది.

ఇదంతా మీరు నడిపితే నేనేం నడపాలి అని నవ్వుతూనే అడిగాను. ఆమె నవ్వలేదు.

"టెస్టు పాసైతే జనరేటర్ తీసేస్తారన్నా. మీకు ముందే తెలియాలని చెప్తున్నాను."

జనరేటర్ పోతే నేనూ పోయినట్టే. టెస్టు అంటే పెద్దదేమీ కాదు. అన్ని లైట్లూ ఫ్యాన్లూ వేసి ఉంచి, మెయిన్ స్విచ్ దించాలి. ఒక్కటి కూడా ఆరకూడదు. ఆరితే జనరేటర్ ఇంకో ఏడాది ఉంటుంది.

అది ఎలా ఆరుతుందో నాకొక్కడికే తెలుసు. హాస్టల్ బోర్డులో న్యూట్రల్ వైరును పట్టి ఉంచే బోల్టుకు మర అరిగిపోయింది. ఎంత బిగించినా రెండు రోజులకు వదులవుతుంది. వదులైతే ఒక పక్క లైట్లు భగ్గుమంటాయి, ఇంకో పక్క మినుకుమంటాయి. అలాంటి తేడా కనబడితే కొత్త యంత్రం తనంతట తానే ఆగిపోతుందని ఇంజనీరమ్మే ఎప్పుడో మాటల్లో చెప్పింది. నా పాత జనరేటర్‌కు అంత రోషం లేదు. ఆన్ చేసే ముందు నేను పానాతో బోల్టును రెండు చుట్లు తిప్పేవాణ్ణి, అంతే. మార్చాలి, మార్చాలి అనుకుంటూనే ఇన్నేళ్లు గడిపాను.

టెస్టుకు ముందురోజు వారాసిగూడలో మా ఇంట్లో ఈ సంగతి చెప్పాను. మా ఆవిడ బియ్యంలో రాళ్లేరుతూ విన్నది.

"నువ్వేం జెయ్యకు. చేతులు కట్టుకోని నిలబడు. గది కూడ చేతగాదా?"

చేతనవుతుందన్నాను. బడిలో నేను నేర్చుకున్నది అదొక్కటేనన్నాను.

మర్నాడు పొద్దున ఇంజనీరమ్మ బ్యాటరీల గదిలో నిలబడి ఫోన్ చేసింది, మెయిన్ దించమంది. బోర్డు తలుపు తీశాను. రెండు చుట్లు తిప్పాను. స్విచ్ దించాను. తిప్పానని స్విచ్ దించాకగానీ తెలియలేదు.

హో అంటారేమోనని నిలబడ్డాను. అనలేదు. మెట్ల దగ్గర ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎవరో భుజాన తువ్వాలు వేసుకుని, పళ్లు తోముకుంటూ నా పక్క నుంచే వెళ్లాడు. కరెంటు పోయిందని అతనికి తెలియదు.

ఇంజనీరమ్మ బోర్డు దగ్గరికి వచ్చి, పాసయ్యామన్నా అంది.

"ఎనిమిదిల ఫెయిలైనోణ్ణి మేడం. పాసైతే ఏం జేస్తరో నాకు తెల్వది."

అప్పుడు చూసింది నా చేతిలో పానాను. ఎందుకని అడిగితే బోల్టు చూపించి, సంగతంతా చెప్పాను. ఆమె ఫోన్ లైటు వేసి బోల్టును దగ్గరగా చూసింది.

"ముట్టుకోకుండా ఉంటే సరిపోయేది కదన్నా."

"ఉందామనే వచ్చిన మేడం. చెయ్యి ఆగలే."

సాయంత్రంలోగా ఇద్దరం కలిసి కొత్త బోల్టు పెట్టాం. దాన్ని ఒకసారి బిగిస్తే చాలు.

ఇంటికి వెళితే మా ఆవిడ నా మొహం చూసింది. అన్నం పెట్టింది. ఆ పూట పప్పులో ఉప్పు వేయడం మరిచానని తర్వాతెప్పుడో తనే చెప్పింది. నేను రెండుసార్లు కలుపుకుని తిన్నాను.

నెలాఖరుకు క్రేన్ వచ్చి జనరేటర్‌ను లారీలోకి ఎత్తింది. తాడు జారకుండా నేనే పట్టుకున్నాను.

ఇప్పుడు తార్నాకలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌ని. పొద్దునా సాయంత్రం మోటారు వేస్తాను. కరెంటు పోతే సెల్లార్‌లో ఉన్న చిన్న జనరేటర్ ఆన్ చేస్తాను. అది నడపడం వచ్చనే నన్ను పెట్టుకున్నారు. ఇక్కడ ఎవరూ హో అనరు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు మాత్రం నన్ను పేరుపెట్టి పిలుస్తారు.

మొన్న ఆదివారం అదే ఇంజనీరమ్మ కొలతల టేపు పట్టుకుని వచ్చింది. హబ్సిగూడలో రెండు అపార్టుమెంట్లు అప్పటికే ఈ సేవ తీసుకున్నాయట, ఇప్పుడు మా టెర్రస్ కొలవాలట. నన్ను గుర్తుపట్టి, బాగున్నారా అన్నా అంది. బాగున్నానన్నాను. అసోసియేషన్ సెక్రటరీ సార్ నన్ను పక్కకు పిలిచాడు. నువ్వు క్యాంపస్‌లో చూసినవాడివి, నిజం చెప్పు, పనిచేస్తుందా అని అడిగాడు. ఆమెకు వినబడే ఉంటుంది. మా వైపు చూడకుండా టేపు చుట్టుకుంటోంది.

"పనిచేస్తది సార్. కరెంటు పోయినట్టే తెల్వది."

టెర్రస్ తాళంచెవి తెచ్చి తలుపు తీశాను. టేపు రెండో కొస పట్టుకోమంది ఇంజనీరమ్మ. గోడ దగ్గరికి నడిచి, అక్కడ పట్టుకుని నిలబడ్డాను.