మా అల్లుడు కాపాడిన పాత మేల్కొలుపు

మా అల్లుడు పోయాడన్న కబురు వచ్చినప్పుడు సాంచాల షెడ్డులో కరెంటు లేదు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. గుండె ఆగిందన్నారు. దినాలు కాకముందే ఆయన తోటివాళ్ల నుంచి ఇంకో మాట వచ్చింది: కంప్యూటర్‌ను లేపే పాతదాన్ని ఇక చూసుకునే మనిషి లేడు గనుక తీసేస్తారట. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. తీసేసే చేతులు కాస్త ఆపి వినండి.

కంప్యూటర్లను నడిపే లినక్స్‌ను తయారుచేసి ఉచితంగా పంచే మీ గుంపులో ఆయన ఒకడు. కంప్యూటర్ వేయగానే ముందు ఒకటి లేచి, మిగిలిన పనులన్నిటినీ లేపుతుందట. అలా లేపేవి రెండున్నాయి, పాతదొకటి, కొత్తదొకటి. ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకునేలా రెండింటినీ నిలపడం ఆయన పని. మా సాంచాలకు చీర అంచుల డిజైన్లు పంపే కంప్యూటర్ పాతదానితోనే లేస్తుంది.

రెండూ ఉండాలని, అన్నం ముందు పెట్టుకుని కూడా ఫోన్లో తోటివాళ్లతో వాదించేవాడు, గొంతు పెంచకుండా. ఒకసారి నాకే విసుగొచ్చింది.

“ఒక్కటుంటే సాలదా అల్లుడా? రెండిండ్ల కాపురం లెక్క గీ లొల్లేంది?”

“అత్తమ్మా, కరెంటు పోతే మీరేం జేస్తరు?”

“ఎవల సాంచ వాళ్లు బంద్ జేస్తం. వచ్చినంక పోగు జూసుకొని ఒక్కొక్కటి ఏస్తం.”

“పక్క షెడ్డుల?”

“ఆళ్లయి కొత్తయి. మెయిన్ ఏస్తే అన్ని ఒక్కపారే లేస్తయ్.”

“ఆళ్లది తప్పా?”

“తప్పెందుకైతది? మాయి గట్ల లేపితే పోగులు తెగుతయ్.”

“కంప్యూటర్ల సంగతి గూడ నేను గదే చెప్తున్న. ఇగ జర అన్నం తిననియ్యుండ్రి.”

కొత్తదాన్ని ఆయన ఒక్కనాడూ తిట్టలేదు. “వాడేటోడు ఒక్కడున్నా వాకిలి మూయొద్దు” అనేవాడు. కొత్తదాంట్లో ఏది మారినా, పాతది చెడకుండా సరిచేసి, మా షెడ్డుకొచ్చి వేసి చూసేవాడు.

మా బిడ్డ మీలో ఒకాయనకు ఫోన్ చేస్తే నేను లాక్కున్నాను.

“ఎందుకు తీస్తున్రు?”

“మాకు ఇష్టమై కాదమ్మా. చూసుకునే మనిషి లేడు.”

“దొరికితే?”

“ఉంచుతం.”

ఆ మాట పట్టుకునే అడుగుతున్నాను. ఒక్కరు ముందుకు రండి. మీరు చేసింది వేసి చూసుకోవడానికి మా షెడ్డు తెరిచే ఉంటుంది.

మొన్న కరెంటు పోయి మళ్లీ వచ్చింది. అందరూ తమ సాంచాల దగ్గర నిలబడ్డారు, కంప్యూటర్ లేవనిదే డిజైన్ రాదని ఎవరూ వేయలేదు. కంప్యూటర్ తెరమీద తెల్లటి వరుసలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. నేను చదవలేను. వరుసలు ఆగి అంచు పువ్వు కనిపిస్తే లేచినట్టని ఆయన చెప్పాడు. పువ్వు ఇంకా రాలేదు, స్విచ్చుల మీద చేతులు అట్లాగే ఉన్నాయి.