ఒక పూట వేడన్నం

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు! జబ్బు నయమైనోళ్లే ఈడ నిలబడి సాక్ష్యం చెప్తారు, నా బిడ్డకు నయం కాలేదు, అయినా చెప్తాను, కోప్పడకండి.

మాది లింగాల దగ్గర పల్లె, గొర్లు మేపుకునేవాళ్లం. నా కూతురు కరుణకు పన్నెండేళ్లు, పుట్టినప్పటి నుంచి నడక లేదు, మాట లేదు, మెడ కూడా నిలవదు. పులివెందులలో చూపించాం, కడపలో చూపించాం, జమ్మలమడుగులో స్వస్థత కూటాలకు మూడేళ్లు ఎత్తుకుని తిరిగాను, ఆడ నూనె రాసి ప్రార్థన చేసినాయన "నీకే విశ్వాసం చాల్లేదమ్మా" అన్నాడు, అయ్యో, ఆ మాటకు నేను శానా కుమిలిపోయాను! దానికి ఒక పూట అన్నం పెట్టాలంటే గంట పడుతుంది, మెడ కింద చెయ్యి పెట్టి, అన్నం మెత్తగా పిసికి, ముద్ద ముద్దకూ గొంతు నిమరాలి, తొందరపడితే పొలమారి ఊపిరాడదు. మా అమ్మకే భయం, పెట్టదు. నేను పోతే దీనికి ఎవరు పెడతారు? లేచింది మొదలు అదే దిగులు! ఏ తల్లీ చేయకూడని ప్రార్థన చేశాను: "ప్రభువా, నాకంటే ఒక్కరోజు ముందు దీన్ని తీసుకో." నాలుగేళ్లు రోజూ అదే అడిగాను.

పోయిన ఏడాది ప్రొద్దుటూరులో ఇట్లాంటి పిల్లల బడికి టీవీలో అందరినీ నవ్వించే పెద్ద ఆర్టిస్టు వస్తాడని తెలిసి, చక్రాల కుర్చీ ఇస్తారేమోనని పోయాను. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. కుర్చీలు అయిపోయాయి. నా రాత ఇంతేనని మూలన కూర్చుని బిడ్డకు పెడుతుంటే, ఫోటోలవాళ్లు పోయినాక ఆయన వచ్చి నేల మీద కూర్చుని, "నువ్వు తిన్నావా అమ్మా?" అన్నాడు.

"పాప తిన్నాక తింటా సార్, గంట పడతాది."

"ఎట్లా పెట్టాలో నాకు నేర్పు, నువ్వు పోయి తిను."

భయపడుతూనే గిన్నె ఇచ్చాను. బయట కారు హారన్ కొడుతున్నా లేవలేదు, గంటసేపు పెట్టాడు! పదకొండేళ్లలో మొదటిసారి ఒళ్లో బిడ్డ లేకుండా వేడన్నం తిన్నాను, తింటూ ఏడ్చాను. తర్వాత ఆ బడిలో పిల్లలకు అన్నం పెట్టడానికే ఒక ఆయమ్మను పెట్టించి, జీతం ఆయనే ఇస్తున్నాడు. ఆయన మన విశ్వాసి కాదు, నుదుట బొట్టుంది, అయినా ఆయన్ను పంపింది నా ప్రభువే!

తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే ప్రార్థించాను: "తప్పు అడిగాను నాయనా, దీన్ని బతకనియ్యి." ఆ పాత ప్రార్థన మళ్లీ నా నోట రాలేదు, దేవునికే మహిమ! దిగులు పోయిందా అంటే పోలేదు, ఈ స్థలంలో నిలబడి అబద్ధం చెప్పను.

ప్రియులారా, మీ బాధ ఎంతదైనా ప్రభువు దగ్గరే పెట్టండి, తప్పుగా అడిగినా ఆయన విసుక్కోడు, నమ్మండి. ఒక్క మనవి. ఇన్నేళ్లు మీరంతా నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు, మీకు వందనాలు. ఈ పొద్దు ఆరాధన అయినాక అందరం కలిసి తినే ప్రేమవిందులో ఎవరైనా ఒక్కరు గిన్నె తీసుకుని దాని పక్కన కూర్చోండి, నేను నేర్పిస్తాను.