మావయ్యగారి నాలుగు ముళ్లు

పోయిన బుధవారం తాడేపల్లిగూడెం ధాన్యం బజారులో మిట్టమధ్యాహ్నం బేరాలు ఆగిపోయాయి. ధర పడి కాదు, మా మావయ్యగారు పోయి. భోజనం చేసి, అరుగు మీద కునుకు తీస్తూ, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. బతికుండగా మాత్రం ఏ పని ఊరికి చాటి చేశారు కనక! కబురందగానే ఏలూరులో రైలెక్కాను. దారి పొడుగునా వరిచేలు వెనక్కి జారిపోతుంటే, ఆయన్నే ఎక్కడో దింపేసి వస్తున్నట్టు అనిపించింది.

ఆయన చేసేది వాయిదా వ్యాపారం. అంటే పైరు ఇంకా ఈనకముందే, పుష్యమాసంలో ఇన్ని బస్తాలు ఈ ధరకి తీసుకుంటానని మాట ఇవ్వడం. పొలంలో లేని గింజల్ని, బజారులో ఇంకా పుట్టని ధరకి కొనడం. ఎకనమిక్స్‌లో బి.ఏ. చదివిన నాకు ఇది శుద్ధ వేదాంతంగా తోచేది.

ఈ మాయాప్రపంచంలో ఆయనకున్న ఆధారమల్లా ఒక కండువా. బజారుకి బయల్దేరేముందు, చద్దన్నం తిని, బుర్ర చల్లగా ఉన్నప్పుడే దాని కొసకి ముళ్లు వేసేవారు. బస్తాకి ఎన్నణాల నష్టం ఓర్చుకోగలరో అన్ని ముళ్లు. ధర అణా దిగితే ఒక ముడి విప్పడం. అన్నీ విప్పేశాక ఆ బేరాన్ని ఉన్న ధరకే ఇంకొకరికి అమ్మెయ్యడం. బజారులో నిలబడి కొత్త ముడి వెయ్యకూడదు.

"ఎంత వస్తుందో దేవుడు చూసుకుంటాడు. ఎంత పోవచ్చో మనమే చూసుకోవాలి" అనేవారు.

బేరం తెమిలేదాకా ఆ కండువా చాకలికి వెయ్యనిచ్చేవారు కారు. "మీ మావయ్యగారి వ్యాపారం ఎలా ఉందో వాసన చూసి చెప్పొచ్చు నాయనా" అని అత్తయ్యగారు ముక్కు మూసుకునేవారు.

నాకు పట్టా వచ్చిన ఏడు, వానల్లో కొల్లేరు వైపు వెళ్లాను. నీళ్లు గట్లు దాటుతున్నాయి. చేపలు పట్టేవాళ్లే తట్టాబుట్టా సర్దుకుని మెరకకి వస్తున్నారు. పంట మునుగుతుంది, ధర లేస్తుంది. ఇంత తేలిక లెక్క మా ప్రొఫెసరు కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. పరుగున వచ్చి చెప్పాను.

సొంత రైస్‌మిల్లు మావయ్యగారి ఇరవై ఏళ్ల కోరిక. కాలవ పక్కన స్థలం కూడా చూసి పెట్టుకున్నారు. నా మాట మీద, మిల్లుకని దాచిందంతా పెట్టి, ఎన్నడూ లేనంత పెద్ద బేరం చేశారు. నాలుగు ముళ్లు వేశారు.

ధర లేవలేదు. కాకినాడ రేవులో చవక రంగూన్ బియ్యం ఓడ నిండా దిగిందని కబురొచ్చింది. ఒక అణా దిగింది. మర్నాడు ఇంకో అణా. వారం తిరక్కుండా ఆయన వేళ్లు నాలుగో ముడి మీదికి వచ్చి ఆగాయి.

పక్కకొట్టు షావుకారు కూడా మాతోపాటే కొన్నాడు. "ఏవండీ, కొల్లేరు ముంచేస్తుంటే ఎవరైనా అమ్ముతారటండీ? మీ మేనల్లుడు కళ్లారా చూసొచ్చాడు కదండీ!"

"చూశాడండీ. వాడి కళ్లకేం లోటు లేదు."

"ఒక్క వారం ఆగండి మావయ్యగారూ" అని బతిమాలాను. "ఇంకొక్క ముడి వెయ్యండి. మిల్లండీ!"

ఆయన చాలాసేపు కాలవ వైపు చూశారు. అక్కడ లేని పొగగొట్టం నాక్కూడా కనిపించింది.

"వెయ్యొచ్చురా. ఆ తర్వాత ఇంకోటి. కండువా పొడుగే కదా."

ముడి విప్పారు. అమ్మేశారు.

ధర ఆ తర్వాత కూడా దిగుతూనే పోయింది. పుష్యమాసానికి షావుకారు కొట్టు మూసేసి, ఉండి గ్రామంలో మావగారింటికి చేరాడు. మా కొట్టు తలుపులు మాత్రం రోజూ వేళకే తెరుచుకున్నాయి. మిల్లుకని దాచింది ఆ నాలుగు ముళ్లకే సరిపోయింది; మిల్లు రాలేదు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎందుకు కొన్నారని అత్తయ్యగారు నిలదీస్తే రంగూన్ ఓడని తిట్టారు తప్ప, నా పేరు చెప్పలేదు.

అదంతా తర్వాతి సంగతి. అమ్మిన దగ్గర్నుంచి నేను నాలుగు రోజులు ముఖం చాటేశాను. ఐదో రోజు పొద్దున్నే ఆయనే వచ్చి, "పద, నీ కొల్లేరు చూపించు" అన్నారు.

దోనెలో కూర్చున్నాం. మంచుకి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కింద వరి, గాలికి ఊగినట్టే, నీళ్లకి ఊగుతోంది.

"నువ్వు చెప్పింది నిజమేరా. కొల్లేరు అబద్ధమాడలేదు. రంగూన్ సంగతి దానికేం తెలుసు, పాపం?"

వంగి నీళ్లలో చెయ్యి పెట్టారు. దోనె చప్పుడు లేకుండా చేల మీదుగా సాగుతుంటే, మునిగిన పైరు కొసలు ఆయన వేళ్ల మధ్య నుంచి ఒక్కొక్కటే జారిపోతున్నాయి.