మెత్తటి చోట గుచ్చిన చువ్వ

ఆ దీవిలో టేకు తోటకి వచ్చినవాళ్ళెవరూ ఆవిడ అసలు పేరు అడగరు. తేమత్త అంటే చాలు, కొండ కింద రేకుల షెడ్డు వైపు చెయ్యి చూపిస్తారు. ఇరవై రెండేళ్ళుగా మట్టిలో తేమ చూడటమే ఆవిడ పని. మోచేతి లోతు గొయ్యి తవ్వి, అడుగు మట్టి పిడికిట్లో పిసికి, ఉండ చేసి ఎగరేసి పట్టుకునేది. ఉండ నిలిస్తే చెట్టుకి సుఖం. చిట్లితే నీళ్ళు పెట్టాలి. వేళ్ళ సందుల్లోంచి నీరు కారిందంటే వేరు కుళ్ళుతుంది, కాలవ తీసి ఆ నీటిని బయటికి పంపాలి. ఈ మాత్రం తెలీనివాళ్ళు ఎంత చదువుకుని ఏం లాభం అని ఎవరినైనా మొహం మీదే అనేసేది. ఆ నోరు అలాంటిది.

పోయినేడు కొత్త మేనేజరు వస్తూ వస్తూ తేమ మీటరు తెచ్చాడు. మోకాలెత్తు చువ్వ, దాని పైన గడియారం లాంటి బిళ్ళ. ముల్లు ముప్పై దాటితే నీళ్ళు అక్కర్లేదు, తగ్గితే పెట్టాలి. మీటరు మంచిదే, లేనిపోని నింద దాని మీద వెయ్యకూడదు. మూడు నెలలు చక్కగా పనిచేసింది. తర్వాత ఎండలు ముదిరి పై వాలు నేల రాయిలా బిగుసుకుంది. తేమత్త ఉన్న బలమంతా పెట్టి గుచ్చేసరికి చువ్వ కాస్తా వంగింది. మేనేజరు ఆవిణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. "ఇంకోసారి వంగిందంటే నీకు ఈ పని ఉండదు" అన్నాడు. నువ్వు, నీకు అని, తల్లి వయసుదాన్ని పట్టుకుని. ఆ రోజంతా ఆవిడ పళ్ళు నూరుతూనే ఉంది.

మర్నాటినుంచి ఆవిడ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకే ఒళ్ళు మండుతుంది. చువ్వ దిగకపోతే చాలు, అక్కడ ఆపేసి పక్కన దిగే చోటు వెతుక్కునేది. ఆకులు కుళ్ళిన గుంట, పైపు కారే మూల, బండ నీడ. తడి ఉన్నచోటే నేల మెత్తగా ఉంటుందని తెలియని మనిషి కాదు కదా. భయం అంత పని చేసింది. ముల్లు రోజూ ముప్పై అయిదు చూపించింది. ఆవిడ అదే రాసింది. మేనేజరు అది చూసి పై వాలుకి నీళ్ళు ఆపేసి, వాల్వుకి తాళం వేసి చెవి నడుముకి కట్టుకున్నాడు.

మూడో వారం ఆడపడుచు దిగివచ్చింది. ఆ పిల్లది పంపు దగ్గర పని. "వదినా, పైన మూడేళ్ళ చెట్లు ఆకులు రాల్చేస్తున్నాయి" అంది.

"ముప్పై అయిదు ఉందే."

"నీ ముప్పై అయిదు సంగతి వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు."

ఇంకోరోజైతే దానికి తగ్గ జవాబు ఇచ్చేదే. ఆ రోజు గునపం తీసుకుని పైకెక్కింది. మోచేతి లోతున తీసిన మట్టి పిడికిట్లోంచి పిండిలా జారిపోయింది. చెట్టు బెరడు గోటితో గీరింది. లోపల ఇంకా పచ్చగానే ఉంది. రెండు రోజులాగితే అదీ ఉండదు. మూడు వేల చెట్లు, ప్రతి గొయ్యీ తను దగ్గరుండి తవ్వించినదే. ముందు మేనేజరుని నోటికొచ్చినట్టు తిట్టింది. తర్వాత, "నా బుద్ధి గడ్డి తింది" అని నెత్తి కొట్టుకుంది.

నేరుగా ఆఫీసుకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. మేనేజరు విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"పైవాళ్ళకి నేను ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా. తప్పు నాదేనని రాసి సంతకం పెట్టు. వెంటనే నీళ్ళు వదులుతాను."

గుమ్మంలో అప్పటికే పనివాళ్ళు పోగయ్యారు. ఆడపడుచు వెనకనుంచి చీర కొంగు లాగింది. "వదినా, రాయకు. రాస్తే నీ పని ఊడుతుంది."

"తప్పు నాది కాదని ఎవరన్నారే?" అని తేమత్త కాగితం ముందుకి లాక్కుంది. పై వాలులో గట్టి నేల వదిలేసి మెత్తటి చోట చువ్వ గుచ్చాననీ, తప్పు అంకెలు రాశాననీ, తప్పు తనదేననీ రాసింది. కింద ఇంకో వాక్యం చేర్చింది. చువ్వ వంగితే పని తీసేస్తామన్నారు, అందుకని అలా చేశాను.

మేనేజరు మొహం మాడింది. "ఆ చివరిది కొట్టెయ్యి."

తేమత్త కలం తీసి ఆయన ముందు పెట్టింది. "మీరన్న మాటే కదా బాబూ. అనలేదంటే మీ చేత్తో మీరే కొట్టేయండి. ఆ రోజు విన్నవాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు."

ఆయన కలం వంక చూశాడు, గుమ్మం వంక చూశాడు. నడుముకున్న తాళంచెవి విప్పి బల్లమీద విసిరాడు.

మధ్యాహ్నానికి నీళ్ళు పై వాలు చేరాయి. గట్టి నేల మీద నీళ్ళు ఇంకకుండా జారిపోతాయని ఆవిడే ముందు నడుస్తూ పాదులు గుల్ల చేసింది. సంజెవేళకి అరచేతులు పగిలి నెత్తురొచ్చింది.

వారం తిరక్కుండా మీటరు ఇంకొకరి చేతికి ఇచ్చారు. మూడు వేలలో నాలుగొందల చెట్లు పోయాయి. వాటిని పీకే పని కావాలనే తేమత్తకి వేశారు. ఒక్కో చెట్టుకీ మేనేజరుని ఒక తిట్టు, తనని రెండు తిట్లు తిట్టుకుంటూ, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా నాలుగొందలూ ఆవిడే పీకింది.