అక్క పేరున పక్క సైటు

రాజమండ్రిలో మా స్కూలు స్టాఫ్‌రూములో ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, "మీ అక్కగారికి ఎంత మేలు చేశారండి! ఇవాళ ఆ సైటు కొనడం మనవల్ల అవుతుందా?" అని. నేను నవ్వి ఊరుకుంటాను. ఆ నవ్వు తెచ్చుకోవడం ఏడాదికేడాది కష్టమవుతోంది.

మేమిద్దరం అక్కచెల్లెళ్ళం. నాన్న నాకు చదువు చెప్పించారు, అక్కకి నరసాపురం దగ్గర ఎకరం చేను ఇచ్చారు. బావగారు లారీ నడుపుతారు, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండరు. వానాకాలం సార్వా అయినా, ఆ తర్వాతి దాళ్వా అయినా, నారుమడి నుంచి కోతల దాకా అక్కే చూసుకునేది. పొద్దున్నే కాఫీ తాగి ఒకసారి గట్టు మీదికి వెళ్ళొస్తే గానీ ఆవిడకి తెల్లవారినట్టుండేది కాదు.

రాజానగరం వైపు, హైవేకి కాస్త లోపలగా ఒక లేఅవుట్ వేస్తే మా స్టాఫంతా కొనడం మొదలుపెట్టారు. జీడిమామిడి తోట కొట్టేసి, ఎర్రమట్టి రోడ్లు తీసి, హద్దురాళ్ళు పాతిన మెట్ట భూమి. ఊరు అటే పెరుగుతోందన్నారు. నాకూ కొనాలని ఉంది, భయంగానూ ఉంది. మావారు "నీ జీతం, నీ ఇష్టం" అనేశారు. మునిగితే నేనొక్కదాన్నే మునుగుతాను కదా అన్న ఆలోచన నన్ను నిలవనివ్వలేదు. ఆ భయంతోనే అక్కకి ఫోన్ చేశాను. భయం మాట మాత్రం ఎత్తలేదు.

"వరి మీద నీకు మిగిలేదేముందక్కా? తుఫానొస్తే అదీ ఉండదు. ఇక్కడ సైటు కొని పడేస్తే దానంతటదే పెరుగుతుంది. నీ మంచి కోసమే చెబుతున్నాను" అన్నాను.

"నాకేం తెలుసే అవన్నీ? చదువుకున్నదానివి, నువ్వు చూశావు కదా?" అంది అక్క.

"చూశాను" అన్నాను. నేను చూసిందల్లా ఒక ఆదివారం కారు దిగి, ఫోటో తీసుకుని, మళ్ళీ కారెక్కడమే.

అక్క చేను అమ్మేసింది. నా సైటుని ఆనుకుని ఉన్న సైటు ఆవిడ పేరున రిజిస్టరైంది. ఆ రోజు నాకు హాయిగా ఊపిరాడింది.

ఏటా కోతలయ్యాక అక్క మాకొక బస్తా బియ్యం పంపేది. ఆ ఏడూ వచ్చింది. "ఇవెక్కడివక్కా?" అని ఫోన్‌లో అడిగాను.

"మిల్లులో కొన్నానే. పంపకపోతే ఏదోలా ఉంది" అంది.

మరుసటి ఏడు తొలకరి పడగానే నిడదవోలులో రైలు మారి అక్క మా ఇంటికొచ్చింది. చేతిసంచిలో కందులు. "నేల ఖాళీగా పడుంది కదే, మనసొప్పట్లేదు" అంది. లేఅవుట్ వాచ్‌మన్‌ని అడిగి పార తీసుకుని, రెండు సైట్లలోనూ తనే తవ్వి గింజలు వేసింది. నేను గొడుగేసుకుని నిలబడి నవ్వాను. తర్వాత కూడా వీలైనప్పుడల్లా వచ్చి కలుపు తీసి వెళ్ళేది. మొక్కలు ఆవిడకంటే ఎత్తు ఎదిగాయి. పసుప్పచ్చగా పూశాయి. కాయ పట్టింది. "వచ్చే వారం వచ్చి కోసుకుంటాను" అని చెప్పి వెళ్ళింది.

ఆ వారంలోనే, నేను పరీక్ష పేపర్లు దిద్దుతుండగా లేఅవుట్ ఆఫీసు నుంచి ఫోను. "మేడమ్ గారూ, ఆదివారం కస్టమర్లు వస్తున్నారండి. మీ సైట్లలో మొక్కలు అడవిలా పెరిగిపోయాయండి. తీయించేయమంటారా?"

"ఆఁ, తీయించేయండి" అన్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ పేపర్లలో పడ్డాను. కందిచేను నాకు గుర్తు కూడా రాలేదు.

అక్క గోనెసంచి పట్టుకుని వచ్చిన రోజు ఇద్దరం కలిసే వెళ్ళాం. ఆటో దిగేసరికి నేలంతా చదునుగా ఉంది. ట్రాక్టరు చక్రాల గుర్తుల మధ్య నలిగిన కాయలు కనిపించాయి. అక్క కూర్చుని ఒక కాయ ఒలిచి చూసింది. "ఇంకో నాలుగు రోజులు ఆగితే సరిపోయేది. ఎవరే ఈ పని చేసింది?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "నేనేనక్కా. ఫోన్ చేస్తే తీయించేయమన్నాను" అన్నాను. ఆ మాటతో పాటే, ఇన్నాళ్ళూ దాచుకున్నదీ బయటికొచ్చేసింది. "నీ మంచి కోసం కాదక్కా కొనిపించింది. ఒక్కదాన్నే కొనడానికి భయమేసి, తోడు కోసం నిన్ను లాగాను."

అక్క ఒలిచిన కాయ కింద పడేసి లేచింది. తర్వాత గోనెసంచి మడతపెట్టుకుంటూ అంది, "ఆ మాట అప్పుడే చెబితే పోయేది. వచ్చి నాలుగు రోజులు నీ దగ్గర కూర్చునేదాన్ని. దానికి చేనెందుకే అమ్మడం?"

కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. ఆవిడ కోప్పడలేదు.

పోయిన వేసవిలో, సైట్లు రెండూ అమ్మేసైనా ఆ చేను మళ్ళీ కొనాలని, చెప్పాపెట్టకుండా నరసాపురం వెళ్ళాను. చేను లేదు. చుట్టుపక్కల చేలతో కలిపి రొయ్యల చెరువు తవ్వేశారు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు గిరగిరా తిరుగుతున్నాయి. అక్క ఇంటికి వెళ్ళి, తల దించుకుని ఆ సంగతి చెప్పాను.

"తెలుసులే. తవ్విన రోజు అక్కడే ఉన్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏం చేస్తావు? అన్నం పెడతాను, కాళ్ళు కడుక్కునిరా" అంది.

భోజనాలయ్యాక బావగారు నన్ను బండి మీద స్టేషన్లో దింపారు. ఈ సార్వాకి అక్క పక్కూళ్ళో అరెకరం కౌలుకి తీసుకుందని దారిలో ఆయనే చెప్పారు. అక్క చెప్పలేదు.